పీఎల్‌సీ ప్రోగ్రామింగ్: ముందు ఈ పదాలు తెలుసుకోండి

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి. అలాంటి ఫ్యాక్టరీల్లో కన్వేయర్ బెల్ట్ ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చూసుకునేది పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. ప్రొద్దుటూరు, పులివెందులలో డిప్లొమా, బీటెక్ చేసి ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకునేవాళ్ల కోసం బేసిక్స్ ఇవి.

ఇన్‌పుట్: బటన్, సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్. ఎక్కువగా 24 వోల్టుల డీసీ.

అవుట్‌పుట్: పీఎల్‌సీ ఇచ్చే ఆర్డర్. పెద్ద మోటార్‌కి నేరుగా కాకుండా కాంటాక్టర్ ద్వారా వెళ్తుంది.

ల్యాడర్: నిచ్చెనలా కనిపించే ప్రోగ్రామ్. ఒక్కో మెట్టు ఒక రంగ్. పాత రిలే డ్రాయింగ్‌లాగే ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్లకు కూడా ఈజీ.

స్కాన్: ఇన్‌పుట్లు చదవడం, ప్రోగ్రామ్ నడపడం, అవుట్‌పుట్లు మార్చడం. కొన్ని మిల్లీసెకన్లలో ఒక రౌండ్ పూర్తవుతుంది, మళ్లీ మొదలవుతుంది.

ఎన్‌ఓ, ఎన్‌సీ: నొక్కితే కలిసేది ఎన్‌ఓ, నొక్కితే విడిపోయేది ఎన్‌సీ.

స్టాప్ బటన్‌కి ఎన్‌సీనే వాడాలి. ఎందుకంటే ఎన్‌ఓ పెడితే వైర్ తెగిపోయినా పీఎల్‌సీకి తెలీదు. బెల్ట్‌లో ఎవరి చెయ్యో ఇరుక్కుంటే బటన్ ఎంత నొక్కినా ఆగదు. ఎన్‌సీ అయితే వైర్ తెగగానే సిగ్నల్ పోయి బెల్ట్ ఆగిపోతుంది.

కానీ ల్యాడర్‌లో దీన్ని ఎన్‌ఓ గుర్తుతోనే గీయాలి. బటన్ నొక్కనప్పుడు ఆ ఇన్‌పుట్ 1గా ఉంటుంది కదా! కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఎమర్జెన్సీ స్టాప్‌ని మాత్రం ప్రోగ్రామ్‌కే వదిలేయొద్దు, సేఫ్టీ రిలేతో విడిగా వైరింగ్ ఉండాలి.

ప్రాక్టీస్‌కి ఓపెన్‌పీఎల్‌సీ ఎడిటర్ ఫ్రీగా దొరుకుతుంది. మొదట ఒక స్టార్ట్-స్టాప్ రంగ్ గీసి చూడండి.