పలకలు బిగించే క్లాంపులు మీరే చేసుకోండి, లోన్ డబ్బు అసలు పనిముట్టుకు దాచుకోండి

ఇది పీఎం విశ్వకర్మ పథకంలో చేరిన వడ్రంగి సోదరుల కోసం.

శిక్షణ అయ్యింది, లోన్ వస్తోంది, ఏం కొనాలి? చాలామంది అడిగే ప్రశ్న ఇది. తలుపు పలక, డైనింగ్ టేబుల్ పైభాగం, మంచం తల పలక... వీటికి సన్న పలకలను పక్కపక్కన అతికించాలి. అందుకు పొడవైన క్లాంపులు ఒకటి సరిపోదు, కనీసం నాలుగు కావాలి. వీటిని కొనాల్సిన పని లేదు. మీ షాపులోని తుక్కు చెక్కతో, ఎనిమిది బోల్టులతో చేసుకోవచ్చు.

ఈ కిటుకు మన గనుల్లో ఉన్నదే

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో భూగర్భ గనిలో పనిచేసిన పెద్దలను అడగండి. టింబర్‌మన్ దుంగ నిలబెట్టి, దాని తలకు, పైకప్పుకు మధ్య ఒక వైపు మందంగా, మరో వైపు పలుచగా ఉండే చెక్కను సుత్తితో కొట్టి బిగించేవాడు. సుత్తి దెబ్బ చిన్నదే, కానీ బిగింపు గట్టిది. మన క్లాంపు కూడా ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది. దాన్ని ఇక్కడ 'వాలు చెక్క' అందాం.

ఒక క్లాంపుకు కావలసినవి

• 4 అడుగుల పొడవు, 2 x 2 అంగుళాల బద్దలు రెండు. తుమ్మ, వేప, మద్ది ఏదైనా సరే, వంకర ఉండొద్దు.
• అర అంగుళం లావు, 6 అంగుళాల పొడవు బోల్టులు రెండు, నట్లు, వాషర్లు.
• ఆనుడు చెక్కలు రెండు, వాలు చెక్కలు రెండు. అంగుళం మందం పలకకు ఇవి ముప్పావు అంగుళం మందం ఉంటే చాలు.

చేసే విధానం

1. రెండు బద్దలను కలిపి పట్టి, ఒకేసారి రంధ్రాలు వేయండి. ఒక కొసన ఒకటి, రెండో కొస నుంచి 2 అంగుళాలకు ఒకటి చొప్పున వరుసగా.
2. ఆనుడు చెక్కల మధ్యలో బోల్టు పట్టేంత రంధ్రం వేయండి.
3. 8 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ముక్కను ఏటవాలుగా కోయండి. ఒక కొసన అర అంగుళం, మరో కొసన ఒకటిన్నర అంగుళం రావాలి. ఒకే కోతకు రెండు వాలు చెక్కలు వస్తాయి.
4. బద్దలకు లోపలి వైపు కొవ్వొత్తి రుద్దండి. లేకపోతే పలకతో పాటు క్లాంపు కూడా అతుక్కుంటుంది.

ఈ కొలతతో సుమారు మూడు అడుగుల వెడల్పు పలక దాకా బిగించవచ్చు.

బిగించేటప్పుడు

ముందు బంక లేకుండా పెట్టి చూడండి. చేత్తో నొక్కితే అతుకు మూసుకోవాలి. వెలుతురు కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టండి. తప్పు అతుకును క్లాంపు బలవంతంగా మూస్తుంది, కానీ క్లాంపు తీశాక అది ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది.

పలకల కొసన కనిపించే వలయాల వంపు ఒకదానికి పైకి, పక్కదానికి కిందికి ఉండేలా పేర్చండి. బంక పూసి, పైన ఒక బద్ద, కింద ఒక బద్ద ఉంచి, నట్లు మెల్లగా బిగించండి. పలక పైకి లేవకుండా ఇవే పట్టి ఉంచుతాయి. పలక అంచుకు ఒక తుక్కు పట్టీ ఆనించి, దానికీ ఆనుడు చెక్కకూ మధ్య వాలు చెక్కలను ఎదురెదురుగా పెట్టి, రెండు వైపుల నుంచీ కొట్టండి. సందు ఎక్కువుంటే ఇంకో తుక్కు ముక్క వేయండి.

అతుకు పొడవునా బంక చిన్న చిన్న చుక్కలుగా బయటికి వస్తే అంతటితో ఆపండి. ఇంకా కొడితే ఉన్న బంక అంతా కారిపోయి అతుకు ఎండిపోతుంది. అడుగుకో క్లాంపు చొప్పున వేయండి. రాత్రంతా ఉంచితే మంచిది. ఎండాకాలంలో బంక త్వరగా ఆరుతుంది కాబట్టి అన్నీ సిద్ధం పెట్టుకున్నాకే పూయండి.

రెండు జాగ్రత్తలు

పచ్చి కర్ర వాడొద్దు. రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పచ్చి పలక ఆరి కుంచించుకుపోతే పగులుతుంది, లేదా వంకరపోతుంది. కస్టమర్ దగ్గర పోయేది మీ పేరే. రెండోది, గని దుంగలు, సింగరేణి స్క్రాప్, రసీదు లేని టేకు ముట్టొద్దు. నాలుగు క్లాంపుల కోసం కేసు తెచ్చుకోవద్దు.

డబ్బు సంగతి

2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు రూ.500 స్టైపెండ్. పనిముట్ల కిట్‌కు రూ.15,000 దాకా ఈ-వోచర్. తర్వాత పూచీకత్తు లేకుండా మొదటి విడత లోన్ రూ.1 లక్ష దాకా, 18 నెలల్లో తీర్చాలి. మీరు కట్టే వడ్డీ 5 శాతం. ఇది సక్రమంగా కడితేనే రెండో విడత రూ.2 లక్షల దారి తెరుచుకుంటుంది.

వోచర్ తిరిగి కట్టాల్సింది కాదు, లోన్ మాత్రం కట్టాల్సిందే. అందుకే లోన్ డబ్బును చేత్తో చేసుకోలేని వాటికి, అంటే మోటారు రంపానికి, చిత్రిక మిషన్‌కు, ఆరిన కలపకు పెట్టండి.

ఇంకా చేరనివారు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు, ఆధార్‌కు లింకైన ఫోన్‌తో మీ కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. నమోదు ఉచితం. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, పెద్దపల్లిలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో చెప్పండి.

ఈ పీడీఎఫ్‌ను మీ తోటి వడ్రంగులకూ పంపండి.