లాటినో బాలుర బొమ్మల పుస్తకములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్పానిషు భాషా సంప్రదాయము గల కుటుంబములవారిని సామాన్యముగా లాటినోలందురు. వీరిలో పెక్కుమంది మెక్సికో, క్యూబా, పోర్టోరికో మొదలగు తావులనుండి వచ్చిరి. మరికొందరి పూర్వులు ఉన్నచోటనే యుండగా, 1848 నాటి సంధివలన సరిహద్దే మారినది. వీరి పిల్లలలో అనేకులు ఇంట స్పానిషు విని, బడిలో ఇంగ్లీషు చదువుదురు. తమ యింటివంటి యిల్లు కనబడు పుస్తకము వారికి చిరకాలము అరుదుగా నుండెను.

ఈ కొరతను తీర్ప బూనినవారిలో పూరా బెల్ప్రే అగ్రగణ్య. పోర్టోరికోలో జన్మించిన ఈమె 1921లో న్యూయార్కు ప్రజా గ్రంథాలయమున ఉద్యోగమున చేరి, ఉభయ భాషలలోను పిల్లలకు కథలు చెప్పెను. అమ్మమ్మ చెప్పిన బొద్దింక మార్తినా, ఎలుక పెరెస్‌ల కథను 1932లో బొమ్మల పుస్తకముగా వెలువరించెను. 1996 నుండి ఆమె పేర లాటినో రచయితలకును చిత్రకారులకును పురస్కారము లీయబడుచున్నవి.

1990లో కార్మెన్ లోమాస్ గార్సా తన టెక్సాస్ బాల్యమును 'కుటుంబ చిత్రములు' అను పుస్తకముగా రచించెను. మొక్కజొన్నపిండిని కండె పొరలలో చుట్టి ఆవిరిపై నుడికించు తమాలెలను ఇంటిల్లిపాదియు కలిసి చేయుట అందలి యొక చిత్రము. బొమ్మ ప్రక్కన ఇంగ్లీషును స్పానిషును కలవు. కావున ఇంగ్లీషు రాని అవ్వయు, స్పానిషు చదువలేని మనుమరాలును ఒకే పుస్తకమును చూచి ముచ్చటింపగలరు. ఇట్టి పుస్తకముల ముఖ్య ప్రయోజనమిదియే.

సంగీతమునకును వీనిలో పెద్దపీట గలదు. మోనికా బ్రౌన్ 2013లో వ్రాసిన టీటో పుయెంటె చరిత్రలో, పసివాడు చెంచాలతో వంటపాత్రలపై వాయించుటతో వాద్యవిద్య మొదలగును. మార్గరీటా ఎంగిల్ 2015లో వ్రాసిన పుస్తకము, ఆడపిల్లలు డోలు వాయింపరాదను కట్టుబాటు నెదిరించిన క్యూబా బాలిక గాథ. రెంటికిని బొమ్మలు వేసిన రఫాయెల్ లోపెస్‌కు రెండవదానికై 2016లో బెల్ప్రే పురస్కారము లభించెను.

సరిహద్దు మారి, ఇల్లు మారకుండుట తెలుగువారికి క్రొత్త గాదు. బరంపురము 1936లో ఒరిస్సాలోను, బళ్లారి 1953లో మైసూరులోను చేరినవి. అచ్చటి తెలుగు బాలుడు అమ్మమ్మ మాటను చెవితో నెరుగును గాని, ఆ లిపిని కంటితో నెరుగడేని, ఆ మాట అతనితోనే ఆగిపోవచ్చును. ఇంటి ముగ్గు, జోలపాట, సంక్రాంతి పిండివంట బొమ్మలుగా నిలిచి, ప్రక్కన తెలుగును ఒడియాయో కన్నడమో గల చిన్న పుస్తకము ఆ లోటును కొంత పూరింపగలదు.