వరుసలోంచి ఒకటి తీసేస్తే నంబర్లు ఏమవుతాయి?

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్‌లోంచి మూడు కొత్త జిల్లాలు పుట్టాయి: నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల. పాతదాన్ని మొదట ఉంచి, ఈ నాలుగు పేర్లనూ ఒక వెబ్‌పేజీలో వరుసగా పెట్టామనుకోండి. కంప్యూటర్ వాటికి 0, 1, 2, 3 అని నంబర్లు వేస్తుంది. అవును, సున్నా నుంచే! ఇలాంటి వరుసను 'అరే' అంటారు.

ఇప్పుడు వనపర్తిని తీసేద్దాం. బోరింగు దగ్గర బిందెల వరుసలో ఒకరు బిందె తీసుకుపోతే, వెనకవాళ్లు చప్పున తమవి ముందుకు జరుపుతారు కదా? పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో 'అన్‌సెట్' అని చెప్పి తీసేస్తే అలా జరగదు. 0, 1, 3 మిగులుతాయి. పేజీ "2 ఎవరు?" అని అడిగితే జవాబే ఉండదు!

ఎందుకంత మొండితనం? పీహెచ్‌పీకి నంబరంటే నిలబడ్డ చోటు కాదు, మెడలో వేసిన బిళ్ల. పక్కవాళ్లు పోయినా బిళ్ల మారదు. మార్చాలంటే 'అరే వాల్యూస్' అని చెప్పాలి. అది పేర్లను అదే క్రమంలో కొత్త వరుసలోకి ఎక్కించి, మళ్లీ 0, 1, 2 వేస్తుంది. జావాస్క్రిప్ట్ అనే మరో వెబ్ భాషలోనైతే 'స్ప్లైస్' వాడితే చాలు, తీయడం, జరపడం ఒకేసారి అయిపోతాయి.

అన్నిసార్లూ జరపడం మంచిదా? బండ్ల నంబరు ప్లేట్లపై ఉండే జిల్లా నంబర్లు చూడండి. కొత్త జిల్లాలు వచ్చినా నల్గొండ 05, మహబూబ్‌నగర్ 06 కదల్లేదు. సూర్యాపేటకు 29, 2019లో ఏర్పడ్డ నారాయణపేటకు 38 ఇచ్చారు. జరిపి ఉంటే పాత బండ్లన్నిటికీ ప్లేట్లు మార్చాల్సి వచ్చేది!