కడప నుండి ఎగిరిన చిన్న విమానములు

ప్రొద్దుటూరు బంగారు వర్తకునకు చెన్నపట్టణముతో పని. పులివెందుల చీనీతోట రైతు బిడ్డకు హైదరాబాదున ఉద్యోగము. జమ్మలమడుగు చెంతనున్న గండికోట లోయను చూడవచ్చు యాత్రికుని నివాసము బెంగుళూరు. ఈ మువ్వురికిని దగ్గరి విమానాశ్రయము కడపయే. అచ్చట క్రొత్త కట్టడము తెరచి, టిక్కెట్టు కొన్నవారికెల్ల విమానము అందుబాటులోనికి వచ్చినది 2015 జూన్ 7వ తేదీన. ఆనాటినుండి ఏడేండ్లు నిండకమునుపే, కడపకు విమానములు నడిపిన రెండు సంస్థలు మూతపడినవి. ప్రయాణికులు లేకనా? అట్లనుటకు వీలులేదు. విమాన వ్యాపారమున రొఖ్ఖము ఎట్లు వచ్చునో, ఎట్లు పోవునో తెలిసిననే ఈ సంగతి బోధపడును.

మొదటిది బెంగుళూరు కేంద్రముగా వెలసిన ఎయిర్ పెగాసస్. 2015 ఏప్రిలులో ఆరంభమై, కడపకు తొలి సర్వీసులను నడిపి, 2016 జూలైలో ఆగిపోయినది. దానిని గూర్చి చెప్పవలసినది స్వల్పము: విమానములు అద్దెవి, అద్దె చెల్లలేదు.

రెండవదాని కథ పెద్దది. హైదరాబాదున టర్బో మేఘా ఎయిర్‌వేస్ అను సంస్థ ట్రూజెట్ అను పేర 2015 జూలై 12న సర్వీసులు ప్రారంభించెను. చలనచిత్ర నటులు రామ్ చరణ్ ప్రచారమునకు నిలిచిరి. మరి రెండు దినములకు గోదావరి పుష్కరములు. తిరుపతి, రాజమహేంద్రవరము, షిరిడీ యాత్రికులకు అనువగు ఔరంగాబాదు — తొలినాళ్ళలో ఎంచుకొన్న ఊళ్ళను చూచిననే సంస్థవారి ఆలోచన తెలియును. పాశ్చాత్యులకు సముద్రతీర విహారమెట్టిదో మనకు తీర్థయాత్ర అట్టిది. ఏడాది పొడుగున ఆగని రాకపోకలవి.

2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి ఉడాన్ పథకము క్రింద తొలి విమానములకు పచ్చజెండా చూపిరి. సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాదు మార్గములతోబాటు కడప–హైదరాబాదు మార్గము అందులో నుండెను. కడప, నాందేడ్ సర్వీసులు రెండును ట్రూజెట్‌వే. నాడు ఒక గంట ప్రయాణమునకు విమానమందలి సగము సీట్లను సుమారు 2,500 రూపాయల గరిష్ఠ ధరకే అమ్మవలసియుండెను. అందువలన కలుగు లోటును మూడేండ్లపాటు పూడ్చుదురు. పెద్ద మార్గములలో తిరుగు విమానములపై విధించిన సుంకమునుండి ఆ సొమ్ములో అధికభాగము వచ్చును. రాష్ట్రము కొంత భరించును.

ఇచట లెక్క చూడవలెను. కడపకు వచ్చిన ఏ.టి.ఆర్. విమానమున సుమారు డెబ్బది సీట్లుండును. ప్రొద్దుటూరు దుకాణమున నేడు అమ్ముడుపోని నగ రేపు అమ్ముడుపోవును. బంగారము ధర పెరిగిన లాభమే. ఖాళీగా ఎగిరిన సీటు మరల అమ్మకమునకు రాదు. అద్దె మాత్రము విమానము ఎగిరినను నిలిచినను నెలనెలా కట్టవలసినదే, అదియు చాలవరకు డాలర్లలో. పైలట్ల జీతములు, మరమ్మతుల నిధి అట్టివే. కావున ఇట్టి సంస్థకు లాభనష్టములకంటె ముందు కావలసినది రొఖ్ఖము ఆగకుండ పారుట. కాలువలో నీరున్నంతకాలము అడుగున పూడిన ఒండ్రు ఎవరికిని కానరాదు.

ఆ రొఖ్ఖము ఎవరిది? ప్రయాణికునిది. వచ్చు నెల ప్రయాణమునకు ఈ నెలలో చెల్లించిన టిక్కెట్టు ధర, నగల దుకాణమున కట్టిన చీటీ వంటిది. ప్రయాణదినము వరకు మనము సంస్థకు అప్పిచ్చినవారమే. వడ్డీ లేదు, తాకట్టు లేదు. ఈ మాటను ప్రయాణికునకు ఎవ్వరును చెప్పరు. టిక్కెట్టు మీద వ్రాయరు.

సీమదేశములలో ఈ పద్ధతి మరింత పెద్ద ఎత్తున సాగినది. 1841లో థామస్ కుక్ అను ఆంగ్లేయుడు, మద్యపాన నిషేధ సభకు పోవువారిని తలకొక షిల్లింగు చొప్పున లెస్టరు నుండి లఫ్‌బరో వరకు రైలులో తీసికొనిపోయెను. ఆయన పేర పెరిగిన సంస్థ కాలక్రమమున హోటళ్ళు, టిక్కెట్టు దుకాణములు, సొంత విమానములు గల మహా సముదాయమై, 2019 సెప్టెంబరు 23న కూలినది. విదేశములలో చిక్కుకొన్న సుమారు లక్షా ఏబదివేల మందిని బ్రిటిషు ప్రభుత్వము వెనుకకు రప్పింపవలసి వచ్చెను. (మన దేశమున అదే పేరుగల సంస్థ యాజమాన్యము 2012 నుండి వేరు, ఆ పతనముతో దానికి సంబంధము లేదు.) ఎక్స్‌ఎల్ సముదాయము 2008 సెప్టెంబరులో, మోనార్క్ సంస్థ 2017 అక్టోబరులో పడిపోయినవి. అన్నియు శరత్కాలముననే ఏల? చలికాలమున, వసంతమున జనులు ముందుగా డబ్బు కట్టుదురు; వేసవిలో తిరుగుదురు; హోటళ్ళవారి బిల్లులు వేసవి ముగిసిన మీదట వచ్చును. పెట్టె నిండియున్నపుడు అప్పు కనబడదు. అది ఖాళీ యగునది సరిగా ఆ నెలలలోనే.

ట్రూజెట్‌కు అట్టి ఋతువు 2020లో వచ్చెను. మార్చి 25 నుండి మే 24 వరకు, కరోనా కారణమున, దేశమందలి ప్రయాణికుల విమానములన్నియు నిలిచినవి. కడప మార్గము ఆరంభమై మూడేండ్లు నిండునది ఆ ఏప్రిలులోనే యగుట గమనింపదగినది. కాలువ ఒక్కమారుగా ఎండెను, అద్దెలు ఎండలేదు. తరువాత సర్వీసులు మరల నడచినవి గాని, జీతములు అందలేదని ఉద్యోగులు మొరపెట్టుకొనిరి. క్రొత్త పెట్టుబడిదారులు వచ్చుచున్నారని 2021లో ఒకమారు, పిదప మరొకమారు ప్రకటనలు వెలువడినవి. ప్రకటనతో ఇంధనము కొనలేరు కదా! 2022 ఫిబ్రవరిలో విమానములు ఆగినవి, మరల ఎగురలేదు. విజయవాడ కేంద్రముగా 2013లో ప్రారంభమైన ఎయిర్ కోస్టా ఆగినదియు ఫిబ్రవరిలోనే, 2017న. అది సొగసైన జెట్ విమానములు నడిపినది. దానికిని అద్దెల బాధ తప్పలేదు.

మూతపడిన పిమ్మట నష్టము ఎవరిది? బ్రిటనులో విహారయాత్రల టిక్కెట్లకు 1970ల నుండి ఒక రక్షణ ఏర్పాటు కలదు. యాత్రలమ్ము సంస్థలు తలకింత చొప్పున చెల్లించి నిధి నిలుపును. థామస్ కుక్ బాధితులకు డబ్బు తిరిగి వచ్చినది దానివలననే. మన దేశమున అట్టి నిధి లేదు. దివాలా చట్టము ప్రకారము ఆస్తులు అమ్మినను తాకట్టు గల ఋణదాతలు, శ్రామికులు ముందు నిలుతురు. టిక్కెట్టు కొన్నవాడు వరుసలో చాల వెనుక. అద్దె విమానములను యజమానులు తీసికొనిపోయిన మీదట అమ్ముటకు మిగులునదియు స్వల్పమే. క్రెడిట్ కార్డుతో చెల్లించినవారు తమ బ్యాంకును అడిగి సొమ్ము రాబట్టుకొను అవకాశము కలదు. ఏజెంటు చేతికి రొఖ్ఖము ఇచ్చినవారికి ఆ దారియు లేదు. రసీదు, టిక్కెట్టు నకలు దాచియుంచుకొనుట అందుకే అవసరము.

కడప ఆకాశము ఎక్కువకాలము ఖాళీగా నుండలేదు. 2022 మార్చి 27న ఇండిగో సంస్థ అచ్చటినుండి సర్వీసులు ప్రారంభించెను. అవియు ఏ.టి.ఆర్. విమానములే. అయితే అది వందలకొలది విమానములు గల సంస్థ; ఒక మార్గము నష్టపడినను మరియొక మార్గము ఆదుకొనును. అంతటి సంస్థయు కడపకు వచ్చినది, లోటు పూడ్చుటకు రాష్ట్ర ప్రభుత్వము సమ్మతించిన మీదటనే.