డబ్బా వెనక సన్న అక్షరాలు

మే నెల, ఇక్కడ అమెరికాలో హైస్కూలు పిల్లల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల రోజులు. మా అబ్బాయి బ్యాగులోంచి లంచ్ బాక్సు తీస్తుంటే అడుగున రెండు ఖాళీ డబ్బాలు తగిలాయి. పొడుగ్గా, నల్లగా, పట్టుకుంటే చేతికి జిగట. “సోడానేనమ్మా, టీమ్‌లో అందరూ తాగుతారు” అన్నాడు. నేనూ సోడానే అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని వెనక సన్న అక్షరాలు చదివాక కుర్చీలో కూలబడ్డాను. అది ఎనర్జీ డ్రింక్. 473 మిల్లీలీటర్ల డబ్బాలో 54 గ్రాముల చక్కెర, 160 మిల్లీగ్రాముల కెఫీన్! 12 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదంటారు పిల్లల వైద్యులు. కాఫీ తాగితే నల్లబడతావని మా అమ్మమ్మ బెదిరించేది. ఆ మాటలో శాస్త్రం లేకపోయినా మమ్మల్ని కాఫీ జోలికి పోనివ్వలేదు.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ పేరుకుంటూ, ఇక పడుకోమని చెబుతుంటుంది. కెఫీన్ దాని చోట్లో తాను కూర్చుని ఆ కబురు అందనివ్వదు. అలసట పోదు, తెలియకుండా ఉంటుందంతే. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి ప్రాక్టీసయ్యాక తాగితే, పదకొండింటికి కూడా సగం లోపలే ఉంటుంది. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లారి ఆరింటికే లేచి బస్సెక్కే పిల్లలకు అది ఎక్కడ దొరుకుతుంది? మర్నాడు క్లాసులో కునికిపాట్లు, వాటికి మందుగా ఇంకో డబ్బా.

గుండె దడ, చేతుల వణుకు, ఊరికే చిరాకు, కారణం లేని భయం. కెఫీన్ ఎక్కువైనా ఇవే, ఆందోళన జబ్బుకూ ఇవే. అసలే బెంగతో ఉన్న పిల్లకు ఏది ఏదో తెలియక, తనకేదో అయిపోతోందని హడలిపోతుంది.

బ్రిటన్‌లోని టీసైడ్, న్యూకాజిల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 21 దేశాల్లో జరిగిన 57 అధ్యయనాలను కలిపి చూసి 2024లో ప్రకటించారు. అందులో ఉన్నవాళ్లు పన్నెండు లక్షలకు పైమాటే. ఈ పానీయాలు తాగేవారిలో ఆందోళన, ఒత్తిడి, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనిపించాయి. డబ్బా వల్ల కుంగారా, కుంగినవాళ్లే డబ్బా అందుకున్నారా అన్నది ఇలాంటి లెక్కలతో తేలదు. తల్లిగా నాకు రెండూ ఒకటే. ఎటు చూసినా, దగ్గర కూర్చుని మాట్లాడాల్సిన పిల్లాడు అక్కడ ఉన్నాడు.

లిథువేనియా 2014లో, పోలండ్ 2024లో 18 ఏళ్లలోపు వారికి వీటి అమ్మకం నిషేధించాయి. అమెరికాలో దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. పిల్లలకు ఇవి అసలే వద్దని ఇక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2011లోనే చెప్పింది. భారతదేశంలోని మన ఊళ్లలోనూ కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో ఇవి కనబడుతున్నాయి. పిల్లలకు తగదని అక్కడ సీసా మీదే రాసి ఉంటుంది. ఆ వాక్యం మేనల్లుళ్లకు, మేనకోడళ్లకు ఫోన్లో చదివి వినిపించండి.

మా వాడిచేత ఈ అలవాటు మెల్లగా మాన్పించాం. ఒక్కసారిగా ఆపితే తలనొప్పి, విసుగు తప్పవు.

ఇక్కడి మన తెలుగు సంఘం క్రికెట్ పోటీల్లో ఐస్ పెట్టెలోంచి ఈ డబ్బాలు తీసేసి, మజ్జిగ, ఉప్పేసిన నిమ్మరసం పెడదాం. మార్కులెన్ని అని అడిగే ముందు, రాత్రి నిద్రపట్టిందా అని అడగండి. పిల్లలు ముభావంగా, దిగులుగా ఉంటే డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలనుందన్న మాట వినబడితే తెల్లారేదాకా ఆగకండి. అమెరికాలో ఏ వేళకైనా 988కి ఫోన్ చేస్తే మాట్లాడే మనిషి ఉంటారు.