కోడ్ రాయించింది మీరే, హక్కు ఎవరిది?

హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ కిరాణా కొట్ల లెక్కలు చూసే యాప్ చేయించుకుందనుకుందాం. అందులోని ప్రోగ్రామును 1957 నాటి కాపీరైట్ చట్టం సాహిత్య రచనల జాబితాలో చేర్చింది. నవలకు ఉన్న రక్షణే ఆ కోడ్‌కూ ఉంటుంది. 1970 నాటి పేటెంట్ల చట్టం మాత్రం, సెక్షన్ 3(కె) కింద, ఉత్త ప్రోగ్రామును ఆవిష్కరణగా ఒప్పుకోదు. అదే సాఫ్ట్‌వేర్‌ను డిస్కులో పెట్టి షాపులో అమ్మితే అది సరుకే, అమ్మకం పన్ను కట్టాల్సిందేనని 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ కేసు నడిచింది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్యనే. ఇక ఇప్పటి జీఎస్టీ లెక్కలో, ఒకరి కోసం ప్రత్యేకంగా రాసిచ్చే సాఫ్ట్‌వేర్ సేవ కిందికి వస్తుంది. దాని మీద పన్ను 18 శాతం.

ఒక్క యాప్ నాలుగు చట్టాల్లో నాలుగు రకాలుగా కనిపిస్తుంది. టెక్నాలజీ, మేధో సంపత్తి వ్యవహారాలు చూసే లా ఫర్ములకు పని పుట్టేది ఇక్కడే. వాళ్ల దగ్గరకు వెళ్లే చిన్న కంపెనీలు ట్రేడ్‌మార్క్‌కు ఎంతవుతుంది, పేటెంట్ వస్తుందా అని అడుగుతాయి. నన్నడిగితే, వాటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: డబ్బిచ్చి రాయించిన ఈ కోడ్ అసలు మనదేనా?

60 ఏళ్ల ఆస్తి, 5 ఏళ్ల ఒప్పందం

జీతం తీసుకునే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌పై తొలి హక్కు యజమానిది. ఇది కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చెప్పే మాట. ఫ్రీలాన్సర్‌కు ఇది వర్తించదు. ఎంత డబ్బిచ్చినా, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా హక్కు రాసిన మనిషిదే. ఇదే సెక్షన్ ఫొటోల విషయంలో ఇందుకు పూర్తి విరుద్ధంగా ఉంటుంది. పెళ్లిలో డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై, వేరే ఒప్పందమేమీ లేకపోతే, తొలి కాపీరైట్ తీయించుకున్నవారిది. చాలామంది ఆ ఫొటో లెక్కనే కోడ్‌కూ వేసుకుని ధీమాగా ఉంటారు.

మన కిరాణా యాప్ కంపెనీ దగ్గరున్న బిల్లు చూద్దాం. మొబైల్ యాప్ డెవలప్‌మెంట్, ఆండ్రాయిడ్: రూ. 3,50,000. జీఎస్టీ: రూ. 63,000. మొత్తం: రూ. 4,13,000. కింద సంతకం, బ్యాంకు ఖాతా నంబరు. డబ్బు చేతులు మారిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కాపీరైట్ చేతులు మారిందనడానికి మాత్రం ఇందులో ఒక్క ముక్క లేదు. యాప్‌ను వాడుకోవడానికి మాకు అనుమతి ఉన్నట్టే కదా అని కంపెనీ వాదించవచ్చు, ఆ వాదన నిలబడవచ్చు కూడా. అయితే వాడుకునే అనుమతి వేరు, సొంతం కావడం వేరు. సొంతం కానిదాన్ని ఇంకొకరికి అమ్మలేరు, దాన్ని చూపించి పెట్టుబడి తెచ్చుకోవడమూ కష్టమే.

కొందరు జాగ్రత్తపరులు బిల్లుతోపాటు ఒక పేజీ ఒప్పందం కూడా రాయించుకుంటారు. ‘ఈ యాప్‌పై సర్వహక్కులూ కంపెనీకి బదిలీ చేస్తున్నాను’ అని అందులో ఉంటుంది. చదివితే ఇక తిరుగులేదనిపిస్తుంది. కానీ సెక్షన్ 19 దాన్ని మూడు వైపుల నుంచి కత్తిరిస్తుంది. ఎంతకాలమో రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. బదిలీ అయిన హక్కుల్లో దేన్నైనా ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో మరోలా లేకపోతే, ఆ హక్కు వరకు బదిలీ రద్దయినట్టే.

కాపీరైట్ ఆయుష్షు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు. అంత ఆస్తిని కొన్నామనుకున్నవారు నిజానికి 5 ఏళ్లకు తీసుకున్నారు. 2021 జూన్‌లో రాసుకున్న అలాంటి ఒప్పందం 2026 జూన్‌తో ముగుస్తుంది. సరిగ్గా యాప్ నిలదొక్కుకుని నాలుగు డబ్బులు వచ్చే వేళకు. ఈ మధ్యలో డాలస్‌లో తెలుగువాళ్లు నడిపే కొట్లకు ఆ యాప్ అమ్మి ఉంటే, ఆ అమ్మకానికి ఈ బదిలీ అండ మొదటి రోజు నుంచీ లేదు.

దీన్ని సరిచేయడానికి కావాల్సింది రెండు వాక్యాలు. బదిలీ కాపీరైట్ అమల్లో ఉన్నంతకాలం, ప్రపంచమంతటికీ వర్తిస్తుందని ఒకటి. ఏడాదిలో వాడకపోయినా సెక్షన్ 19(4) కింద హక్కు రద్దు కాదని రెండోది. దాంతోపాటు ఏ రచన, ఏయే హక్కులు, ఎంత ప్రతిఫలం అన్నవి విడిగా రాయాలి. గడువు దాటిపోయినా తాజా బదిలీ పత్రం రాసుకోవచ్చు. కాకపోతే అప్పటికి బేరం ఆడే సత్తా డెవలపర్ చేతికి వెళ్తుంది.

ఈ చట్టం కంపెనీల మీద కక్షతో రాసింది కాదు. రాసినవాడు తెలియక ఒక్క సంతకంతో అంతా పోగొట్టుకోకూడదన్న ఉద్దేశం దీని వెనుక ఉంది, అది న్యాయమని నేను నమ్ముతాను. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంట్లో కూర్చుని కాంట్రాక్టు మీద కోడ్ రాసే యువతకు ఇది ఇంకా ముఖ్యం. పూర్తి డబ్బు అందాకే బదిలీ అమల్లోకి వస్తుందని రాసుకుంటే, బకాయి రాబట్టుకోవడానికి అంతకంటే గట్టి పట్టు దొరకదు.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. నమోదు చేయించుకుంటే ప్రోగ్రాముకు ప్రభుత్వ రుసుము రూ. 500. కోర్టులో అది ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది.

పేరుకు 4,500

ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో రుసుము ఒక్కో తరగతికి రూ. 4,500. వ్యక్తులు, గుర్తింపు ఉన్న స్టార్టప్‌లు, చిన్న సంస్థలకే ఈ ధర. మిగతావారికి రూ. 9,000. మొత్తం 45 తరగతులున్నాయి. 34 దాకా సరుకులు, 35 నుంచి సేవలు. మన కిరాణా యాప్‌కు డౌన్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేర్ కోసం 9వ తరగతి, ఇంటర్నెట్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ సేవ కోసం 42వ తరగతి, వ్యాపార సేవల కోసం 35వ తరగతి కావాల్సి రావచ్చు. మూడింటికీ కలిపి రూ. 13,500. చిన్న సంస్థ అనడానికి రుజువైన ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేయడం మర్చిపోతే అదే కంపెనీకి రూ. 27,000.

తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. పేరును తెలుగు లిపిలో నమోదు చేయించదలిస్తే దాని ఉచ్చారణనూ అర్థాన్నీ ఇంగ్లిష్‌లోగానీ హిందీలోగానీ ఇవ్వాలి. పరీక్షా నివేదికలో అభ్యంతరం వస్తే జవాబుకు నెల. అది దాటి జర్నల్‌లో అచ్చయ్యాక ఎవరైనా వ్యతిరేకించడానికి 4 నెలలు. ఎవరైనా వ్యతిరేకిస్తే, ఆ నోటీసు అందిన 2 నెలల్లో మీ ప్రతివాదన దాఖలు కావాలి. లేదంటే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. కట్టిన రుసుము, పెట్టుకున్న ఆశ, ఒక ఈమెయిల్ చూడకపోవడం వల్ల పోతాయి. ఈ తేదీలను కనిపెట్టుకుని ఉండడం లా ఫర్మ్ చేసే పనుల్లో పైకి కనిపించనిది, నా లెక్కలో అత్యంత విలువైనది. నమోదైన పేరు 10 ఏళ్లు ఉంటుంది. ప్రతి పదేళ్లకూ ఒక్కో తరగతికి రూ. 9,000 కట్టి ఎన్నాళ్లైనా పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందే వృత్తంలో ఆర్ గుర్తు వాడడం చట్టవిరుద్ధం, జరిమానా పడవచ్చు.

వెబ్‌సైట్ చిరునామా కూడా ఒక పేరే. సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ కేసులో 2004 మే 6న సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని చెప్పింది. ఇందులో గెలిచిన సత్యం ఇన్ఫోవేకు మూలం హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్.

పేటెంట్: 20 ఏళ్లు, 31 నెలలు

పేటెంట్ కాలం దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు రూ. 1,600, ఇతరులకు రూ. 8,000. దరఖాస్తు వేసినంత మాత్రాన ఎవరూ దాన్ని తెరిచి చూడరు. పరీక్షించమని విడిగా కోరాలి. అందుకు రూ. 4,000, లేదా రూ. 20,000. గతంలో ఇందుకు 48 నెలల వ్యవధి ఉండేది. 2024 మార్చి సవరణ దాన్ని 31 నెలలకు తగ్గించింది. పాత గడువునే గుర్తుపెట్టుకుని కూర్చుంటే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే భావిస్తారు.

2023-24లో మన పేటెంట్ కార్యాలయం 1,03,057 పేటెంట్లు ఇచ్చింది. 2014-15లో ఇచ్చినవి 6 వేల లోపే. ఈ పెరుగుదల చూసి యాప్ ఆలోచనకూ పేటెంట్ వస్తుందని ఆశపడేవారున్నారు. దారి మూసుకుపోలేదు గానీ ఇరుకైనది. ఫెరీద్ అల్లానీ అనే ఆవిష్కర్త 2002లో దరఖాస్తు చేస్తే 2005లో తిరస్కరించారు. అప్పీలు బోర్డు 2013లో కాదంది. ప్రోగ్రాముతో ముడిపడినంత మాత్రాన తోసిపుచ్చకూడదనీ, సాంకేతిక ప్రభావం ఉందేమో చూడాలనీ ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో చెప్పాక, 2020లో పేటెంట్ వచ్చింది. చేతికందేసరికి 20 ఏళ్ల కాలం దాదాపు అయిపోయింది. ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల చట్టాన్ని మార్చిన మనిషికి దాన్ని అనుభవించే వ్యవధే మిగల్లేదు. యాప్‌ల మీద బతికే చిన్న కంపెనీ తన కొద్దిపాటి డబ్బును పేటెంట్ కంటే ముందు ఒప్పందాల మీద, పేరు మీద పెట్టాలని నేననడానికి కారణం ఇదే.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీలకు పనిచేసే ఇంజినీర్లకు వర్తించే నిబంధన ఒకటుంది. భారత్‌లో నివసించేవారు తమ ఆవిష్కరణకు నేరుగా విదేశంలో దరఖాస్తు చేయకూడదు. ముందు ఇక్కడ దరఖాస్తు వేసి 6 వారాలు ఆగాలి, లేదా పేటెంట్ కార్యాలయం నుంచి అనుమతి తీసుకోవాలి. పేటెంట్ల చట్టం సెక్షన్ 39 ఇది. బృందంలో ఒక్కరు గచ్చిబౌలిలో, మిగతావారంతా సియాటిల్‌లో ఉన్నా సరే.

6 గంటలు, 250 కోట్లు

హక్కుల సంగతి అలా ఉంచితే, యాప్‌లో చేరే డేటాకూ బాధ్యత ఉంటుంది. కంపెనీ సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారని రాత్రి 11 గంటలకు తెలిసిందనుకోండి. సైబర్ దాడుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం తెల్లవారుజామున 5 గంటల్లోగా ఆ సంస్థకు సమాచారం వెళ్లాలి. గడువు 6 గంటలే. సిస్టమ్ లాగ్‌లు 180 రోజులవి భద్రంగా ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సరైన భద్రత పెట్టనందుకు జరిమానా రూ. 250 కోట్ల దాకా, డేటా బయటపడిన సంగతి చెప్పనందుకు రూ. 200 కోట్ల దాకా ఉండవచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులు. తప్పు తీవ్రతను బట్టి డేటా రక్షణ బోర్డు మొత్తం నిర్ణయిస్తుంది. ఈ చట్టపు నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలవుతాయి. 18 ఏళ్లలోపువారి డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ట్యూషన్ యాప్‌లు నడిపేవారు ఇప్పటి నుంచే సర్దుకోవాల్సింది ఇక్కడే.

ఎవరి దగ్గరకు వెళ్లాలి

పేటెంట్ల రంగంలో మన దేశపు తొలి దరఖాస్తు 1856 మార్చి 3న కలకత్తాలో పడింది. పంకా లాగే యంత్రానికి ప్రత్యేక హక్కు కోరుతూ జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ వేసిన అర్జీ అది. ఆయన పేరుతో లా ఫర్మ్ నేటికీ ఉంది.

పేటెంట్ ఏజెంటుగా నమోదు కావాలంటే సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉండి, పేటెంట్ కార్యాలయం పెట్టే పరీక్ష నెగ్గాలి. ఒప్పందాలు, కోర్టు కేసులు న్యాయవాదుల పని. పెద్ద ఫర్ములలో ఇద్దరూ ఉంటారు. చిన్నచోట్ల, మీ పని చూసేది ఎవరో పేరుతో సహా అడిగి తెలుసుకోవాలి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదు కాబట్టి ధరల పట్టిక బయట దొరకదు. ప్రభుత్వ రుసుము ఎంత, ఫర్మ్ ఫీజు ఎంత అన్నవి రెండు వేర్వేరు వరుసల్లో రాసివ్వమని అడిగే హక్కు మీకుంది. స్టార్టప్‌లకైతే కేంద్ర పథకం కింద నమోదైన సహాయకులున్నారు. వారి ఫీజు ప్రభుత్వం భరిస్తుంది, మీరు రుసుము కట్టుకుంటే చాలు.

గొడవ కోర్టుదాకా వెళ్తే, రూ. 3 లక్షలు, ఆపైన విలువున్న మేధో సంపత్తి వివాదాలు వాణిజ్య కోర్టుల పరిధిలోకి వస్తాయి. 2018 వరకు ఈ హద్దు కోటి రూపాయలు. ఇది తగ్గడం చిన్న డెవలపర్‌కు మేలు చేసింది. మన రూ. 3,50,000 యాప్ తగాదా కూడా అక్కడ నిలుస్తుంది. ప్రతివాది జవాబు 120 రోజులు దాటితే కోర్టు తీసుకోదు. అత్యవసర ఉత్తర్వు కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అందుకు 3 నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 2 నెలలు. అక్కడ కుదిరిన రాజీపత్రానికి ఆర్బిట్రేషన్ తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది. కోడ్ హక్కుల బదిలీ పత్రాన్ని అందులోనే, కాలమూ ప్రాంతమూ స్పష్టంగా రాసి, చేర్చుకోవచ్చు.