టీచరు దిగమింగిన కోపం ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నం బడిలో భిన్నాల లెక్క నడుస్తోంది. అన్నం తిని వచ్చిన పిల్లలు కుదురుగా లేరు. వెనక బెంచీలో గొడవ, మూడోసారి చెప్పినా ఆగలేదు. భోజనాల లెక్క యాప్‌లో ఎక్కక టీచరమ్మ అప్పటిదాకా సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని వరండాలో తిరిగి వచ్చింది. గొంతుదాకా వచ్చిన అరుపును దిగమింగి, ముఖం మామూలుగా పెట్టి, మళ్ళీ సుద్దముక్క అందుకుంది. "మా మేడమ్‌కి ఎంత ఓపికో" అంటారు చూసినవాళ్ళు.

ఆ ఓపికకు ఒళ్ళు చెల్లించే మూల్యాన్ని కొలిచినవాళ్ళున్నారు. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్ 1990లలో కొందరికి మనసు కలత పెట్టే సినిమా ముక్కలు చూపించి, ముఖంలో ఏమీ కనబడనీయవద్దన్నాడు. వాళ్ళు కనబడనీయలేదు. కానీ లోపలి బాధ తగ్గలేదు, పైగా ప్రమాదవేళల్లో ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నాడీ వ్యవస్థ ఇంకా చురుకెక్కింది. ఇలా అణచుకుంటున్నప్పుడు కళ్ళెదుట జరిగింది సరిగా గుర్తుండదని కూడా తర్వాతి ప్రయోగాల్లో తేలింది. 2003లో వెలువడిన మరో అధ్యయనం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఇద్దరు మాట్లాడుకుంటుండగా ఒకరు భావాలు దాచుకుంటే, ఎదుటి మనిషి రక్తపోటు కూడా పెరిగిందట.

మరి తరగతి గదిలో ఎదుట ఉన్నది ముప్ఫై, నలభై మంది పిల్లలు. కెనడాలో ఓబర్లే, షోనర్ట్-రైకల్ అనే ఇద్దరు పరిశోధకులు 17 మంది టీచర్లను, వాళ్ళ తరగతుల్లోని 406 మంది పిల్లలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఉదయం తొమ్మిదికి, పదకొండున్నరకు, మధ్యాహ్నం రెండింటికి పిల్లల లాలాజలం తీసి, ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ హార్మోనును కొలిచారు. ఉద్యోగంలో మరీ అలిసిపోయామని చెప్పిన టీచర్ల తరగతుల్లో పిల్లల ఉదయపు కార్టిసాల్ ఎక్కువగా ఉంది. టీచరు అలసట పిల్లలకు పాకిందా, కష్టాల్లో ఉన్న పిల్లలే టీచరును అలసగొట్టారా అన్నది ఈ ఒక్క అధ్యయనంతో తేలదు. రెండూ జరుగుతూ ఉండవచ్చు.

అయితే అరవాలా, దిగమింగాలా? ఈ రెండే దారులు కావు. గ్రాస్ ప్రయోగాల్లోనే మరో దారి కనిపించింది. జరిగినదాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకోవడం. "వీడికి నేనంటే లెక్కలేదు" అనుకుంటే కోపం నషాళానికి అంటుతుంది. "హారం, లవం తేడా తెలియక వీడు అల్లరిలో దాక్కుంటున్నాడు" అనుకుంటే చేయాల్సిన పని కనిపిస్తుంది. ఇలా ఆలోచన మార్చుకున్నవాళ్ళలో బాధే తగ్గింది, ఒంటి మీద అదనపు భారమూ పడలేదు. కోపం ముదరక ముందే దాన్ని గుర్తుపట్టగలగాలి. దవడ బిగుసుకోవడం, మాట వేగం పెరగడం దాని తొలి జాడలు. ఇలా గుర్తుపట్టడం పుట్టుకతో వచ్చే సుగుణమేమీ కాదు, సాధనతో అబ్బుతుంది. న్యూయార్క్‌లో 36 ప్రాథమిక పాఠశాలల్లోని 224 మంది టీచర్లతో ప్యాట్రీషియా జెన్నింగ్స్ బృందం జరిపిన పరీక్షలో, ఇలా భావాలను గమనించుకునే శిక్షణ పొందినవాళ్ళ మానసిక వేదన తగ్గింది. తరగతిలో పిల్లలతో వాళ్ళు మెలిగే తీరు కూడా శిక్షణ లేనివాళ్ళకంటే మెరుగ్గా ఉంది.

ఇంతవరకూ చెప్పి ఆగితే టీచర్లకు అన్యాయం చేసినట్టే. ఊపిరి నిదానంగా తీసుకోమని చెప్పి, మరో నాలుగు రిజిస్టర్లు చేతికిస్తే ఏ శిక్షణా నిలవదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను వాడకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. యాప్‌లో భోజనాల లెక్క ఎక్కించే పనిని ఆ సెక్షన్ పక్కన పెట్టి చదవాలి.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సిలబస్ ఎంత అయిందో అడుగుతారు, హాజరు ఎంతో అడుగుతారు. అక్కడే ఒక అరగంట, ప్రధానోపాధ్యాయులు కూడా కూర్చుని, ఈ నెల ఏ తరగతి కష్టంగా గడిచిందో టీచర్లు ఒకరికొకరు చెప్పుకునే వీలు కల్పించాలి. అక్కడ చెప్పింది ఎవరి ఫైల్లోకీ ఎక్కకూడదు.